తాడిపత్రి ఆఫీసు కంప్యూటర్‌ని అనంతపురం ఇంటి నుంచి తెరవాలంటే: పోర్ట్ ఫార్వర్డింగ్ ఎందుకు పనిచేయలేదు, ఏం చేయాలి

అన్నా, మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. తాడిపత్రిలో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్, ఆఫీసు గదిలో రెండు విండోస్ కంప్యూటర్లు, ఒకదాంట్లో ట్యాలీ, ఇంకోదాంట్లో ఈ-వే బిల్లులు, కరెస్పాండెన్స్. మీ ఇల్లు అనంతపురంలో. రాత్రి ఇంట్లో కూర్చుని ఆ రోజు లెక్కలు చూసుకోవాలని వీడియో చూసి రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి కంప్యూటర్ స్క్రీన్ తెరిచి వాడే విండోస్ సౌకర్యం) వాడే 3389 పోర్ట్ ఫార్వర్డ్ చేశారు. ఆఫీసులో ఉండి పక్క ల్యాప్‌టాప్ నుంచి కనెక్ట్ చేస్తే వస్తోంది, ఇంటికెళ్లి చేస్తే రావడం లేదు. ఎక్కడ తప్పు జరిగిందని అడిగారు.

మీరు పెట్టిన రూల్‌లో బహుశా తప్పేమీ లేదు. ఇబ్బంది మీ ఇంటర్నెట్ లైన్‌లో ఉండి ఉంటుంది, అదెలా తేల్చుకోవాలో కింద చెప్తాను. కానీ దానికన్నా ముందు ఒక పని చేయండి: ఆ 3389 రూల్‌ని ఇవాళే తీసేయండి. పనిచేయని రూలే కదా, ఉంటే ఏమవుతుందిలే అనుకోవద్దు. రేపు ఇంటర్నెట్ కంపెనీవాళ్లు మీ లైన్‌కి పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరగలిగే అడ్రస్) ఇచ్చిన రోజున మీకు తెలియకుండానే అది పనిచేయడం మొదలుపెడుతుంది, ఆ రోజు మీ ట్యాలీ కంప్యూటర్ లాగిన్ స్క్రీన్ ప్రపంచం మొత్తానికి కనిపిస్తుంది.

అసలు పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే ఏం జరుగుతుందో తెలిస్తే మిగతాదంతా సులభం. మీ ఆఫీసులో ఎన్ని కంప్యూటర్లు, ఫోన్లు, కెమెరాలు ఉన్నా బయటికి కనిపించే అడ్రస్ ఒక్కటే, అది రౌటర్‌ది. లోపలివాళ్లు బయటికి వెళ్లినప్పుడు ఎవరు దేనికోసం వెళ్లారో రౌటర్ రాసిపెట్టుకుంటుంది కాబట్టి జవాబు వస్తే సరైన మనిషికి ఇస్తుంది. బయటి నుంచి ఎవరైనా తమంతట తాము వస్తే మాత్రం ఎవరికోసం వచ్చారో దానికి తెలియదు, వెనక్కి పంపేస్తుంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌కి 'ఫలానా నంబర్ చెప్పి వచ్చినవాళ్లని నేరుగా అకౌంట్స్ గదిలోకి పంపు' అని చీటీ రాసివ్వడమే పోర్ట్ ఫార్వర్డింగ్. వచ్చింది మీరా దొంగా అని వాచ్‌మన్ అడగడు, నంబర్ చెప్పారా లేదా అన్నదే చూస్తాడు. ఈ పద్ధతిలోని సౌకర్యమూ ప్రమాదమూ రెండూ అక్కడే ఉన్నాయి.

ఇప్పుడు మీ లైన్ సంగతి. ఆఫీసు రౌటర్ పేజీ తెరవండి, ఎక్కువగా 192.168.1.1 లేదా 192.168.0.1 అవుతుంది. అందులో స్టేటస్ అనే చోట వ్యాన్ ఐపీ (రౌటర్‌కి బయటి వైపు ఉన్న అడ్రస్) అని ఒక నంబర్ ఉంటుంది, రాసుకోండి. అదే ఆఫీసు నెట్ మీద గూగుల్‌లో 'వాట్ ఈజ్ మై ఐపీ' అని వెతికి అక్కడ కనిపించే నంబర్ కూడా రాసుకోండి. ఇక్కడ ఒక తిరకాసు ఉంది: గూగుల్ ఒక్కోసారి అక్షరాలు కలిసిన పొడవాటి ఐపీవీ6 అడ్రస్ చూపిస్తుంది, మనకు కావాల్సింది చుక్కలతో నాలుగు సంఖ్యలున్న ఐపీవీ4. రెండూ ఒకటే అయితే మీకు పబ్లిక్ ఐపీ ఉన్నట్టు, ఫార్వర్డింగ్ పనిచేయాలి. వేరుగా ఉంటే ఎంత కుస్తీ పట్టినా పనిచేయదు.

వేరుగా ఉన్నప్పుడు అందులోనూ రెండు రకాలున్నాయి. వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే అది కచ్చితంగా సీజీనాట్. అంటే కంపెనీవాళ్లే తమ దగ్గర ఒక పెద్ద రౌటర్ పెట్టి ఒకే పబ్లిక్ ఐపీని చాలామంది కస్టమర్లకు పంచుతున్నారన్నమాట. 10తో మొదలైనా చాలాసార్లు ఇదే కథ. ఈ 100.64 వరుసను 2012లో ప్రత్యేకంగా ఈ పని కోసమే కేటాయించారు, ఎందుకంటే 2011 ఫిబ్రవరిలోనే ప్రపంచవ్యాప్తంగా పంచడానికి ఉంచిన ఐపీవీ4 అడ్రస్‌ల కేంద్ర నిల్వ అయిపోయింది, ఆ తర్వాత నెట్ తీసుకున్న కోట్ల మందికి ఒక్కొక్కరికి ఒక్కో అడ్రస్ ఇచ్చే దారి కంపెనీలకు లేకపోయింది. మీ రౌటర్‌లో మీరు చీటీ రాసిచ్చారు సరే, మీకంటే ముందున్న కంపెనీ రౌటర్‌లో రాసే అధికారం మీకు లేదు, వచ్చిన కనెక్షన్ అక్కడే ఆగిపోతుంది.

రెండో రకం వ్యాన్ ఐపీ 192.168తో మొదలవడం. అంటే మీ ఆఫీసులోనే రెండు రౌటర్లున్నాయి: ఫైబర్ వైరు వచ్చి దిగే కంపెనీ బాక్స్ ఒకటి, వైఫై సరిపోవడం లేదని మీరు కొని దాని వెనక పెట్టుకున్నది ఇంకొకటి. మన వైపు ఆఫీసుల్లో ఇది చాలా మామూలు. మీరు రెండోదాంట్లో రూల్ పెడతారు, మొదటిదానికి ఆ సంగతే తెలియదు. కంపెనీవాళ్లకు ఫోన్ చేసి ఆ బాక్స్‌ని బ్రిడ్జ్ మోడ్‌లో (అది రౌటర్‌గా పనిచేయకుండా లైన్‌ని నేరుగా మీ రౌటర్‌కి ఇచ్చేలా) పెట్టమనండి, అప్పుడు నెట్ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ మీ రౌటర్‌లో వేసుకోవాలి, లేదా మొదటి బాక్స్‌లో కూడా రూల్ రాయాలి. బ్రిడ్జ్ చేశాక వ్యాన్ ఐపీ మళ్లీ చూడండి, ఈ పొర తీశాక దాని వెనక సీజీనాట్ బయటపడడం కూడా ఉంటుంది.

ఇంకోటి, ఆఫీసులోనే కూర్చుని బయటి ఐపీ కొట్టి పరీక్ష చేస్తే దాన్ని నమ్మకండి. కొన్ని రౌటర్లు లోపలి నుంచి బయటి అడ్రస్‌కి వెళ్లి తిరిగి లోపలికి రానివ్వవు, కాబట్టి బాగా ఉన్నది కూడా పనిచేయనట్టు కనిపిస్తుంది. ఫోన్‌లో వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద పరీక్ష చేయాలి. అలాగే మీరు 'ఆఫీసులో వస్తోంది' అన్నది 192.168 అడ్రస్ కొట్టి చూసి ఉంటే, ఆ కంప్యూటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ ఆన్ అయిందని మాత్రమే దానికర్థం, పోర్ట్ ఫార్వర్డింగ్‌తో దానికి సంబంధమే లేదు.

సీజీనాట్ అని తేలితే కంపెనీని స్టాటిక్ ఐపీ (మారకుండా మీకే ఇచ్చే పబ్లిక్ ఐపీ) అడగొచ్చు. బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్‌తో సహా చాలామంది అదనపు ఛార్జీ తీసుకుని ఇస్తారు. లోకల్ కేబుల్ ఆపరేటర్ ద్వారా తీసుకున్న లైన్ అయితే ఆపరేటర్‌నే గట్టిగా అడగాలి, 'అవుతుంది అన్నా' అనే మాట కాకుండా వ్యాన్ ఐపీ మారిందో లేదో మీరే చూసుకున్నాకే డబ్బులివ్వండి. సిమ్ వేసి నడిచే 4జీ, 5జీ రౌటర్ల మీద దీని గురించి ఆశలు పెట్టుకోవద్దు.

స్టాటిక్ ఐపీ వచ్చిందనుకుందాం. అప్పుడైనా 3389 తెరవొచ్చా? వద్దు. ఈ ఒక్క మాట మీద నేను ఎవరితోనైనా వాదిస్తాను. ఇంటర్నెట్‌లో ఉన్న ప్రతి ఐపీవీ4 అడ్రస్‌నీ తట్టి ఏ పోర్ట్ తెరిచి ఉందో చూసే ప్రోగ్రాములు రాత్రీపగలూ నడుస్తూనే ఉంటాయి, అలా దొరికినవాటిని జాబితా వేసి చూపించే షోడాన్ లాంటి సైట్లు బహిరంగంగానే ఉన్నాయి. తాడిపత్రిలో చిన్న యూనిట్ మాది, మా మీద ఎవడికి కన్ను అంటారు చాలామంది. వాళ్లకు మీరెవరో అక్కర్లేదు, తెరిచిన పోర్ట్ దొరికితే చాలు, పాస్‌వర్డ్‌లు ఒకదాని తర్వాత ఒకటి వేస్తూ పోయే పని మనిషి చేయడు, ప్రోగ్రామ్ చేస్తుంది. 3389 తెరిచి ఉన్న ఏ కంప్యూటర్‌లోనైనా ఈవెంట్ వ్యూయర్‌లో సెక్యూరిటీ లాగ్ తెరిచి 4625 నంబర్ ఎంట్రీలు చూడండి, అవి విఫలమైన లాగిన్ ప్రయత్నాలు. అడ్మిన్, అడ్మినిస్ట్రేటర్, యూజర్, ట్యాలీ, ఇలా పేర్లు మారుస్తూ పేజీలకు పేజీలు ఉంటాయి.

పాస్‌వర్డ్ గట్టిగా పెడితే సరిపోదా అంటే, అదీ పూర్తి రక్షణ కాదు. 2019 మేలో బయటపడ్డ బ్లూకీప్ అనే లోపంలో పాస్‌వర్డ్ తెలియకపోయినా విండోస్ 7 లాంటి పాత సిస్టమ్‌లలోకి రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా దూరే వీలుండింది, దాని తీవ్రత చూసి అప్పటికే సపోర్ట్ ఆపేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ విడుదల చేసింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది, కాబట్టి మీ ఆఫీసు కంప్యూటర్ల మీద ఏది ఉందో చూసుకోండి. ఇక కొందరు సలహా ఇస్తారు, 3389 కాకుండా బయట 45123 లాంటి నంబర్ పెట్టమని. దానివల్ల లాగ్‌లో ప్రయత్నాలు కొంత తగ్గుతాయి, అంతే. పోర్ట్‌లు మొత్తం 65,535, వాటన్నిటినీ వెతకడం ప్రోగ్రామ్‌కి పెద్ద పనేం కాదు.

అనంతపురంలోనే ఒక ఆఫీసులో ఇలా తెరిచి వదిలేసిన పోర్ట్ ద్వారా ఎవరో దూరి ట్యాలీ డేటా ఫోల్డర్, దానికి తగిలించి ఉంచిన బ్యాకప్ హార్డ్‌డిస్క్, రెండూ లాక్ చేసి డబ్బులడిగారు. జీఎస్‌టీ రిటర్న్ దాఖలు చేయాల్సిన వారం అది. కాగితం బిల్లులు ముందేసుకుని అంతా మొదటి నుంచి ఎంటర్ చేశారు పాపం అక్కడి అకౌంటెంట్లు. బ్యాకప్ తీసిన డిస్క్‌ని కంప్యూటర్ నుంచి పీకి బీరువాలో పెట్టాలని నేను అందరికీ చెప్పేది అందుకే.

సరే, మరి ఎలా? దారి రెండు రకాలు, మీ లైన్‌ని బట్టి.

పబ్లిక్ ఐపీ ఉంటే పోర్ట్ ఫార్వర్డింగ్ చేయండి, కానీ రిమోట్ డెస్క్‌టాప్‌కి కాదు, వీపీఎన్‌కి (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కి వేసే తాళం ఉన్న సొరంగం లాంటి దారి). నా ఎంపిక వైర్‌గార్డ్. ఇది 2020 మార్చిలో వచ్చిన 5.6 వెర్షన్ నుంచి లినక్స్ కెర్నెల్‌లోనే భాగమైంది, విండోస్‌కి, ఆండ్రాయిడ్‌కి ఉచితంగా దొరుకుతుంది. దీనిలో నాకు బాగా నచ్చింది ఏమిటంటే, సరైన తాళంచెవి లేనివాళ్లు తడితే ఇది అసలు జవాబే ఇవ్వదు, వెతికేవాళ్లకు అక్కడ ఏదో ఉందని కూడా తెలియదు. పాస్‌వర్డ్‌లు ఊహించే ఆట ఇక్కడ సాగదు. మైక్రోటిక్ రౌటర్లలో వాటి సాఫ్ట్‌వేర్ రౌటర్‌ఓఎస్ 7 నుంచీ, టీపీ-లింక్ కొత్త మోడళ్లు కొన్నింటిలోనూ ఇది రౌటర్‌లోనే వస్తుంది, అలా ఉంటే ఫార్వర్డింగ్ కూడా అక్కర్లేదు. లేకపోతే ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఆఫీసు కంప్యూటర్ మీద పెట్టుకోవాలి.

అప్పుడు ఫార్వర్డింగ్ ఎలాగంటే: ముందు ఆ కంప్యూటర్ అడ్రస్ మారకుండా కట్టేయండి. రౌటర్‌లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ లేదా అడ్రస్ రిజర్వేషన్ అని ఉంటుంది, అందులో దాని మ్యాక్ అడ్రస్‌కి (నెట్‌వర్క్ కార్డుకి ఉండే గుర్తింపు నంబర్) ఒక ఐపీ రాయండి. ఇది చేయకపోతే కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్‌కి వేరే ఐపీ వస్తుంది, మీ రూల్ ఏ ప్రింటర్ వైపో చూపిస్తూ ఉంటుంది. తర్వాత పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీకి వెళ్లండి, కొన్ని రౌటర్లలో దీన్నే వర్చువల్ సర్వర్ అంటారు, టీపీ-లింక్‌లో నాట్ ఫార్వర్డింగ్ కింద ఉంటుంది. బయటి పోర్ట్ 51820, లోపలి పోర్ట్ 51820, లోపలి ఐపీ మీరు కట్టేసినది, ప్రోటోకాల్ యూడీపీ. టీసీపీ అని పెట్టి గంటలు గంటలు వెతుక్కునేవాళ్లు ఎక్కువ, వైర్‌గార్డ్ వాడేది యూడీపీ మాత్రమే. విండోస్ ఫైర్‌వాల్‌లో కూడా అదే పోర్ట్‌ని యూడీపీ కింద లోపలికి అనుమతించాలి. బయటి ఐపీ మారుతూ ఉండే రకమైతే డీడీఎన్‌ఎస్ (మారే ఐపీకి మారని పేరు ఇచ్చే సేవ) పెట్టుకోవాలి, డక్‌డీఎన్‌ఎస్, నో-ఐపీ లాంటివి ఉచితంగానే ఉన్నాయి, కాకపోతే నో-ఐపీ ఉచిత పేరుని 30 రోజులకోసారి కన్ఫర్మ్ చేస్తూ ఉండాలి.

దీనికన్నా ముందు చేసుకోవాల్సిన పని ఒకటుంది, దాన్ని ఎవరూ చెప్పరు. మీ ఇంట్లో రౌటర్ 192.168.1 వరుసలో ఉండి, ఆఫీసుది కూడా 192.168.1 వరుసలోనే ఉంటే వీపీఎన్ కనెక్ట్ అయినా ఆఫీసు ప్రింటర్‌నో రెండో కంప్యూటర్‌నో అందుకోలేరు, ఎందుకంటే మీ ల్యాప్‌టాప్ ఆ అడ్రస్‌ని ఇంట్లోనే వెతుకుతుంది. ఆఫీసు వరుసని 192.168.37 లాంటి ఎవరూ వాడని నంబర్‌కి మార్చేయండి. ప్రింటర్లు, సీసీ కెమెరా బాక్స్ మళ్లీ సరిచేసుకోవాల్సి వస్తుంది, ఒక ఆదివారం పని.

సీజీనాట్ ఉండి స్టాటిక్ ఐపీ వద్దనుకుంటే, లేదా ఇదంతా చదివాక టెన్షన్‌గా ఉంటే, టెయిల్‌స్కేల్ వాడండి. లోపల వైర్‌గార్డే, కానీ రెండు వైపుల నుంచీ కనెక్షన్ బయటికే వెళ్తుంది కాబట్టి రౌటర్‌ని ముట్టుకునే పనే లేదు, పోర్ట్ తెరవక్కర్లేదు. ఆఫీసు కంప్యూటర్లు రెండింటిలో, మీ ల్యాప్‌టాప్‌లో వేసి ఒకే అకౌంట్‌తో లాగిన్ అయితే ఒక్కోదానికి 100తో మొదలయ్యే అడ్రస్ ఇస్తుంది, రిమోట్ డెస్క్‌టాప్‌లో ఆ అడ్రస్ కొట్టడమే. రెండు సెట్టింగులు మాత్రం మరచిపోవద్దు. విండోస్‌లో 'రన్ అన్అటెండెడ్' ఆన్ చేయాలి, లేకుంటే కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యి ఎవరూ లాగిన్ కాకపోతే మీకు అందదు. అలాగే దాని తాళంచెవి మామూలుగా 180 రోజులకు గడువు తీరిపోతుంది, ఆఫీసు కంప్యూటర్లకు ఆ గడువుని అడ్మిన్ పేజీలో ఆపేయండి. లాగిన్‌కి వాడే అకౌంట్‌కి రెండంచెల వెరిఫికేషన్ తప్పనిసరి, ఇప్పుడు మీ ఆఫీసు తలుపు ఆ అకౌంటే. ఉచిత ప్లాన్ వ్యక్తిగత వాడకానికి పెట్టింది, వ్యాపారానికి వాడేముందు షరతులు చదవండి.

నన్నడిగితే మీ పరిస్థితికి ఇదే సరిపోతుంది. రెండు కంప్యూటర్ల కోసం స్టాటిక్ ఐపీకి నెలనెలా డబ్బు కట్టక్కర్లేదు.

ఇక రిమోట్ డెస్క్‌టాప్ గురించి. విండోస్ హోమ్ ఎడిషన్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో వెళ్లలేరు, ప్రో కావాలి. నెట్‌వర్క్ లెవెల్ అథెంటికేషన్ (స్క్రీన్ తెరుచుకోకముందే పాస్‌వర్డ్ అడిగే సెట్టింగ్) ఆన్‌లోనే ఉంచండి. ఆఫీసు కంప్యూటర్‌కి పాస్‌వర్డ్ లేకుండా నడుపుతుంటే రిమోట్‌గా రానివ్వదు, పిన్ కూడా పనికిరాదు, అకౌంట్ అసలు పాస్‌వర్డ్ కావాలి. ఇంకా ముఖ్యమైంది, మామూలు విండోస్‌లో ఒకసారికి ఒక్కరే: మీరు ఇంటి నుంచి లోపలికి వస్తే అక్కడ బిల్లు కొడుతున్న అబ్బాయి స్క్రీన్ లాక్ అయిపోతుంది. లోడింగ్ టైంలో లారీ గేటు దగ్గర ఆగి ఉన్నప్పుడు ఇలా జరిగితే గొడవే. ఒకేసారి ఇద్దరిని రానిచ్చేలా విండోస్‌ని మార్చే టూల్స్ నెట్‌లో దొరుకుతాయి, అవి లైసెన్స్‌కి విరుద్ధం, అప్‌డేట్ వచ్చినప్పుడల్లా చెడిపోతాయి, వాటి జోలికి వెళ్లొద్దు. పగలు కూడా చూడాలంటే ట్యాలీలోనే రిమోట్ యూజర్‌గా లాగిన్ అయ్యే సౌకర్యం ఉంది, టీఎస్‌ఎస్ (ట్యాలీకి కట్టే రెన్యువల్ చందా) చెల్లుబాటులో ఉండాలి. వీపీఎన్ వచ్చింది కదా అని ఆఫీసు ట్యాలీ డేటా ఫోల్డర్‌ని ఇంటి ట్యాలీలో నేరుగా తెరవడం మాత్రం చేయకండి, నత్తనడక నడుస్తుంది, మధ్యలో లైన్ తెగితే డేటా పాడయ్యే ప్రమాదం ఉంది.

మీ రౌటర్‌లోకి వెళ్లినప్పుడు ఫార్వర్డింగ్ జాబితా మొత్తం ఒకసారి చదవండి. సీసీ కెమెరాలు బిగించినవాళ్లు ఎప్పుడో 80, 8000, 37777 లాంటి పోర్ట్‌లు తెరిచి వెళ్లిపోయి ఉంటారు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని ఇలాంటి కెమెరాలనూ డీవీఆర్‌లనూ లక్షల్లో పట్టుకుని వాటితోనే పెద్ద పెద్ద వెబ్‌సైట్లను కుప్పకూల్చింది. కెమెరాలు కూడా వీపీఎన్ ద్వారానే చూడొచ్చు, ఆ రూల్స్ తీసేయండి. యూపీఎన్‌పీ (లోపలి పరికరాలు తమంతట తామే పోర్ట్‌లు తెరుచుకునే సౌకర్యం) ఆపండి, రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, రిమోట్ మేనేజ్‌మెంట్ ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి.

కరెంటు విషయం కూడా చూసుకోవాలి, లేకుంటే ఇంత చేసీ రాత్రి తొమ్మిదింటికి కంప్యూటర్ ఆఫ్‌లో ఉంటుంది. ఫైబర్ బాక్స్‌కీ రౌటర్‌కీ చిన్న యూపీఎస్ పెట్టండి, బయోస్‌లో కరెంటు వచ్చాక దానంతట అదే ఆన్ అయ్యే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి, విండోస్‌లో స్లీప్ తీసేయండి. మీది రాతి పని కాబట్టి ఇంకో మాట, పాలిషింగ్ షెడ్డు పక్కన దుమ్ములో రౌటర్, కంప్యూటర్ పెట్టొద్దు, ఆ పొడి ఫ్యాన్లలో పేరుకుపోయి వేడెక్కి ఆగిపోతాయి.

ముందు ఆ వ్యాన్ ఐపీ చూసి చెప్పండి. మొత్తం నంబర్ రాయొద్దు, చుక్కల మధ్య ఉన్న మొదటి రెండు సంఖ్యలు చాలు, దాంతోపాటు గూగుల్ చూపించినదానితో కలుస్తోందో లేదో, కంపెనీ బాక్స్ మోడల్, మీరు కొన్న రౌటర్ మోడల్ రాయండి. దాన్నిబట్టి ఏ మెనూలో ఏం నొక్కాలో చెప్తాను.